సభలో కూర్చున్న కూర్మనాథం

కిందటి నెల టెక్కలిలో ఒక సభ పెట్టారు. "భయం రోజుల్లో కళ పాత్ర" అని బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. జముకుల కథ సన్యాసయ్య కూతురిని కదా అని నన్నూ పిలిచి, వేదిక మీద ఓ మూల ప్లాస్టిక్ కుర్చీ వేశారు. విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి గంటసేపు మాట్లాడాడు. చీకట్లో పాటే దీపం అన్నాడు. పాటను ఎవరూ చంపలేరన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. పాటను చంపలేరు, సరే. మరి పాట మనిషిని చంపితే ఏం చెయ్యాలి బాబూ అని అడగాలనిపించింది. నా వంతు వచ్చేసరికి మైకు ముందు నిలబడి, "మా నాన్న బాగా పాడేవాడండీ" అని కూర్చున్నాను. శాలువా కప్పారు. దాన్ని పలాస బస్సులో సీటు మీదే వదిలేసి దిగిపోయాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. ఉద్దానంలో కంచిలికి ఇటువైపు, గాలి మళ్లితే సముద్రం హోరు వినిపించే ఊరు అనుకోండి. పేర్లు దాచుకోవడం ఆ రోజుల్లో పట్టుకున్న జబ్బు, నాకింకా నయం కాలేదు.

మా నాన్న జముకు వాయిస్తూ కథ చెప్పేవాడు. జముకు అంటే చిన్న కుంచం లాంటి పాత్ర. ఒక మూతికి తోలు బిగించి, దాని నడుమ నుంచి ఒక నరం లాగి ఉంటుంది. పాత్రను చంకలో ఇరికించుకుని ఆ నరాన్ని మీటుతూ కథ చెప్పాలి. నాన్నకు ఒక పక్క మా కాంతం చిన్నమ్మ, ఇంకో పక్క నేను నిలబడి వంత పాడేవాళ్లం. పదో తరగతి అవ్వగానే నన్ను చదువు మాన్పించి వంతకు పెట్టాడు నాన్న. ఇంట్లో చిన్నమ్మతో పోట్లాటలకే నా గొంతంతా ఖర్చయిపోతోందట, కాస్త అమ్మవారికి మిగల్చాలట!

కథ నడుమ కానుకలు పాడడం మా ఆచారం. ఎవరికైనా తమవాళ్లు చల్లగా ఉండాలనిపిస్తే ఒక కొబ్బరికాయ తెచ్చి ఇస్తారు. కాయ అందుకోవడం నా పని. ఎవరి పేరునో అడిగి, వెళ్లి నాన్న చెవిలో వేస్తాను. నాన్న కథ ఆపి ఆ పేరును పాటలో కట్టి దీవిస్తాడు.

"సభలోన కూసున్న సక్కాని బాబు
కోరి కొబ్బరికాయ తల్లికిచ్చాడు
బాబు పేరేమంటె బంగారు పేరు..."

అక్కడ పేరు వస్తుంది. తర్వాత "సల్లగుండాల" అని నాన్న అంటే, "సల్లగుండాల, ఆరిల్లు సల్లగుండాల" అని మేం అందుకుంటాం.

కాయ ఎవరి పేరున ఇచ్చారో ఆ మనిషి సభలో లేకపోయినా పాట మారదు. కొడుకు సూరత్‌లో పనికి పోయి ఉన్నా, కడుపులో ఉన్న బిడ్డ ఇంకా భూమ్మీద పడకపోయినా, నాన్న పాటలో అందరూ సభలో కూర్చున్నవాళ్లే. మా తాతా అలాగే పాడాడట, ఆయన తాతా అలాగే పాడాడట. పేరు పాడితే మనిషి వచ్చి కూర్చున్నట్టే అని మావాళ్ల నమ్మకం. ఉద్దానంలో పసిపిల్లకైనా ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్లు కూడా వింటారని మాకు తోచలేదు.

నేను చెప్పేది రెండువేల సంవత్సరం వేసవి సంగతి. అడవిలో ఉన్న అన్నలు ఊళ్లోకి వచ్చి అన్నం అడిగితే పెట్టాలి. తెల్లారి పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావంటే జవాబు చెప్పాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఊరికి రెండు మైళ్లలో పోలీసు క్యాంపు పెట్టారు. ఎవరి కొడుకు ఇంట్లో లేకపోతే ఆ ఇంటి మీద కన్ను. అందుకని ఊరంతా పేర్లు పలకడం మానేసింది. తల్లులు పెరట్లోకి వచ్చి పిల్లల్ని కేకేసి పిలవడం కూడా మానేశారు.

మా బంగారమ్మత్త కొడుకు కూర్మనాథం. అత్త అంటే రక్తసంబంధం కాదు, నాన్నను అన్నయ్య అని పిలిచేది. ఆ వరసన కూర్మనాథం నాకు బావ. పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చేవాడు. ఆ నూనె తగిలి అరచేతులు నల్లగా పొక్కిపోయి ఉండేవి. నేను కనపడితే, "ఏటే సత్తెవేణీ, మీ నాయిన కతలో రాచ్చసుడు ఏడిత్తే వంత నువ్వేనటగా?" అని ఏడిపించేవాడు. ఆ వేసవికి రెండేళ్ల ముందు ఒకరోజు పనికని చెప్పి వెళ్లి అన్నల్లో కలిసిపోయాడు. ఆ తర్వాత ఊళ్లో ఆ పేరు ఎవరి నోటా రాలేదు. బంగారమ్మత్త నోటా రాలేదు.

నాన్నకు కూడా పద్నాలుగు నెలలుగా ఒక్క కథ లేదు. నలుగురు ఒకచోట చేరితే క్యాంపు నుంచి జీపు వచ్చేది, కథ ఎవరు పెట్టించుకుంటారు? జముకుకు నూనె రాసి తుడుచుకుంటూ, "తుపాకీ ముందల జముకెంతే? ఈ రోజుల్లో పాటేటి సేత్తాది, ఏటీ సెయ్యనేదు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ముఖం చూడలేకపోయేదాన్ని. ఆకలికి కూడా అంత కుంగిపోయేవాడు కాదు.

అంతకుముందు ఏడు తుఫాను కొట్టి తోటలు పడిపోయాయి. అమ్మవారి కథ చెప్పించకపోవడం వల్లే ఇలా అయిందని ఊళ్లో పెద్దలు అనుకుని, క్యాంపుకు వెళ్లి కాళ్లావేళ్లా పడి అనుమతి తెచ్చారు. పొద్దుటే మొదలుపెట్టి దీపాలవేళకు ముందే ముగించెయ్యాలి, అదీ షరతు. మండుటెండలో తాటాకు పందిరి కింద అమ్మవారి కథ! నాన్న అదే మహాప్రసాదం అనుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక కానుకలు మొదలయ్యాయి. తుఫాను ఏడు కదా, కాయలు తక్కువే వచ్చాయి. ఆరేడు పేర్లు పాడాక బంగారమ్మత్త ఆడవాళ్లలోంచి లేచి నా దగ్గరకు వచ్చింది. ఆమె పెరట్లో ఏడు చెట్లుంటే ఆరు పడిపోయాయి. మిగిలిన చెట్టు కాయ అది, గుప్పెడంత ఉంది.

"ఎవులి పేరునత్తా?" అన్నాను.

"కూర్మనాథం."

ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. "అత్తా, నీ పేరు సెప్పీమంటావా?" అన్నాను మెల్లగా.

"నాకేటొచ్చినాది, నాను బాగానే ఉన్నాను. ఆడి పేరు సెప్పు. రెండేళ్లయినాది సత్తెవేణీ ఆ పేరు ఇని. ఇలగే ఉంటే నానే మరిసిపోతానేమోనని బయంగున్నాది."

కాయ పట్టుకుని నాన్న దగ్గరకు పది అడుగులు నడిచాను. ఆ పది అడుగుల్లో నేను ఎన్నయినా చెయ్యగలిగి ఉండేదాన్ని. నాన్న చెవిలో బంగారమ్మ అని చెబితే సరిపోయేది. ఆమె నన్ను తిట్టి ఊరుకునేది. కానీ నాకప్పుడు పదిహేడేళ్లు. నాకూ ఆ పేరు వినాలని ఉంది. ఎంత ఉందో ఇన్నేళ్లకు ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు నాకే తెలియదు.

చెవిలో వేశాను. నాన్న చెయ్యి నరం మీద ఆగిపోయింది. నా వైపు చూశాడు, ఆడవాళ్ల వైపు చూశాడు. బంగారమ్మత్త నిలబడే ఉంది. నాన్న కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

అంత బాగా ఆయన మళ్లీ పాడలేదు. "బాబు పేరేమంటె" దగ్గర ఆగి, గొంతు పైకి తీసుకెళ్లి, "కూర్మానాథం" అని ఆ పేరును సాగదీసి సాగదీసి వదిలాడు. పందిరి కింద గాలి లేదు. మగవాళ్లు తలలు దించుకున్నారు. ఒకావిడ పిల్లాడిని ఎత్తుకుని గబగబా వెళ్లిపోయింది. కాంతం చిన్నమ్మకు వంత అందలేదు. నేనొక్కదాన్నే "సల్లగుండాల" అన్నాను. బంగారమ్మత్త తన చోటికి వెళ్లి కూర్చుంది. కూర్చుని, కాస్త పక్కకు జరిగి, చాప మీద ఇంకొకరికి చోటు చేసింది.

ఇంటికి వచ్చే దారిలో నాన్న కుర్రాడిలా నడిచాడు. "సూసినావేటే గుంటా? ఒక్క పేరుకి సబంతా ఎలగైపోయిందో సూసినావా? పాట సచ్చిపోనేదే, బతికే ఉన్నాది" అన్నాడు. నాకూ గర్వంగానే ఉంది. భయం లేకపోలేదు, కానీ ఆ పూటకు గర్వమే ఎక్కువ.

తెల్లారేసరికి జీపు మా గుమ్మంలో ఉంది. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. తెలుసుకుని ఏం చెయ్యాలి? నాన్నను, నన్ను, జముకును ఎక్కించుకుపోయారు.

ఇన్‌స్పెక్టర్ మా ప్రాంతం మనిషి కాదు. కేకలు వెయ్యలేదు, నెమ్మదిగానే అడిగాడు. "కూర్మనాథం సభలో కూర్చున్నాడని నువ్వే పాడావు. ఎక్కడ కూర్చున్నాడు? ఎవరి పక్కన?"

"అది వరస బాబూ. ఎవులు కాయిచ్చినా అలగే పాడతాం" అన్నాడు నాన్న.

"అంటే లేనివాణ్ని ఉన్నాడని పాడతావా?"

"అవును బాబూ."

"అయితే అబద్ధం పాడావన్నమాట."

"అబద్దం కాదు బాబూ, పాట."

అప్పుడు కొట్టారు. జముకులో ఆ తీగ చూసి బాంబేమోనని అనుమానపడి, దాన్ని ముందు ఇసక బకెట్టులో పెట్టి, తర్వాత కత్తితో నరం కోసేశారు. ఇంకో వేళయితే ఆ తంతు చూసి పడీపడీ నవ్వుకునేదాన్ని. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్‌కు ఏం తోచిందో, "సరే, వరస అంటున్నావుగా, నా పేరు పెట్టి పాడు చూద్దాం" అన్నాడు. నాన్న వాచిన పెదవులతో, జముకు లేకుండా, ఆ పేరు పెట్టి పాడాడు. చల్లగుండాలని దీవించాడు. వంత నేనే పాడాను. అది ఎవరికీ చెప్పలేదు, టెక్కలి సభలో అసలు చెప్పలేదు.

నన్ను సాయంత్రానికి వదిలేశారు, నాన్నను నాలుగో రోజుకు. పాట వరస సంగతి వాళ్లకు అర్థమైందో లేదో గానీ, ఎందుకైనా మంచిదని బంగారమ్మత్త ఇంటి వెనక జీడితోటలో పదిమంది పోలీసుల్ని మాటు వేయించారు. ఊళ్లో అందరికీ తెలుసు. పాలకు వెళ్లేవాళ్లకు తెలుసు, ఆకులు ఏరుకునే ముసలివాళ్లకు తెలుసు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. నోరు తెరిచి ఎవరికి చెప్పాలి, ఎక్కడికి వెళ్లి చెప్పాలి?

కథ అయిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఆ తోటలోనే కూర్మనాథాన్ని కాల్చేశారు. ఇంటికి నూరు అడుగుల్లో పడిపోయాడు. బంగారమ్మత్త పొయ్యి రాజేస్తోందట. చప్పుడు విని, ఎవరి బిడ్డో పాపం అనుకుందట.

కొడుకు పోయిన పన్నెండో నాడు ఆమె మా ఇంటికి వచ్చింది. చేతిలో కొబ్బరికాయ. నాన్న అరుగు మీద పడుకుని ఉన్నాడు. తిడుతుందేమో, కాయ నెత్తిన వేస్తుందేమో అని చూశాను. అదైనా బాగుండేది.

"అన్నియ్యా, ఆడి పేరు ఇంకొక్కపాలి పాడు. ఇంక బయమేటి? ఇంక ఆడినేటి సేత్తారు?" అంది.

నాన్న లేచి కూర్చున్నాడు. "గొంతు లేగడం నేదమ్మా" అన్నాడు.

గొంతు బాగానే ఉంది. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నాన్న భయపడ్డాడు. క్యాంపుకు భయపడ్డాడో, పాటకే భయపడ్డాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆమె కాయ అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. నాన్న దాన్ని ముట్టుకోలేదు. తెగిన నరాన్ని మళ్లీ కట్టించుకోలేదు. రెండువేల నాలుగులో, ఉద్దానంలో ఎందరికో పట్టిన ఆ కిడ్నీ జబ్బే పట్టి పోయాడు. చివరి రోజుల్లో ఒకసారి నన్ను పిలిచి, "ఆడు ఉత్తినే వచ్చినాడే, పాటకి రానేదు కదా?" అని అడిగాడు. "పాటకెవులొత్తారు నాన్నా" అన్నాను. నాకు అప్పటికి నిజంగానే తెలియదు.

రెండేళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి నాకు అంగన్‌వాడీలో పని దొరికింది. కాగితాలు జిరాక్స్ తీయించడానికి పలాస బస్టాండు దగ్గర కొట్టుకు వెళ్లాను. కొట్టతని పేరు జగదీష్, అన్నల్లోంచి లొంగిపోయి వచ్చినవాడు. కాగితాల మీద నాన్న పేరు చూసి నన్ను పైకీ కిందకీ చూశాడు. మిషను ఆపేశాడు.

"నాను కూర్మనాథంతోటి ఉండీవోడిని" అన్నాడు. "బియ్యానికెల్లినోడు ఒచ్చి సెప్పినాడు, మీ ఊళ్లో నీ పేరు పాడేరని. కూర్మనాథం నమ్మనేదు. ఎలగ పాడేరో పాడమన్నాడు. పాడితే ఇని, 'నాను సబలో కూసున్నానని పాడేరా, అయితే మాయమ్మ నాకు సోటుంచీసినాది' అన్నాడు. రెండ్రోజులు అన్నం తిన్నేదు. ఒద్దన్నాం. ఒక్క పూట ఎల్లొచ్చెత్తానన్నాడు."

జిరాక్స్ కాగితాలు తీసుకున్నానో లేదో గుర్తులేదు. బస్సులో కూర్చుని, నాన్న ఈ మాట వినకుండా పోయినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. పాటకు బలం లేదని పద్నాలుగు నెలలు కుమిలిపోయినవాడు. ఉన్న బలం ఇదీ అని తెలిస్తే ఏమైపోయేవాడో.

ఇక మిగిలింది బంగారమ్మత్త. ఆమె ఇప్పటికీ ప్రతి ఏడూ కొడుకు పోయిన రోజున ఒక కొబ్బరికాయ పట్టుకుని నా ఇంటికి వస్తుంది. "పాడతావేటే?" అంటుంది. "నాకు నాన్నలాగ రాదత్తా" అంటాను. కాసేపు కూర్చుని వెళ్లిపోతుంది. ఈ ఏడు కూడా వచ్చింది, టెక్కలి సభ అయిన వారానికి. కానీ ఈసారి పాడమనలేదు. గుమ్మంలో కూర్చుని, కాయను ఒళ్లో పెట్టుకుని, అంతవరకూ ఎన్నడూ అడగనిది అడిగింది.

"సత్తెవేణీ, ఆ దినం మీ నాయిన పాడింది ఆడికి ఇనిపించుంటాదా? ఎవులైనా ఎల్లి సెప్పుంటారా?"

ఆమె ముఖంలో ఎంత ఆశ ఉందో చూశాను. అవును అత్తా, విన్నాడు, నువ్వు చోటుంచావని కూడా తెలిసింది అని చెబితే ఆ ముఖం వెలిగేది. ఒక్క పూట. మర్నాటికి ఆమె లెక్క కట్టుకునేది. కాయ తెచ్చింది తను, పేరు చెప్పింది తను, పిలిచింది తను. ఆ లెక్కలో నేనూ ఉన్నాను, ఆ పది అడుగులు నడిచింది నేనే. కానీ నేను మొయ్యగలను. డెబ్బై ఏళ్ల ఆ మనిషి మొయ్యలేదు.

"నేదత్తా" అన్నాను. "అంత దూరం ఎలగ ఇనిపిత్తాది? మా నాన్న పాట ఈ తోట కూడా దాటదు."

ఆమె కాయ మీది పీచును గోటితో గీకుతూ కూర్చుంది.

"అయితే ఆడు మరెందుకొచ్చినాడే?" అంది.

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. నోటికి ఏది వస్తే అది అన్నాను. "ఆకలేసి ఒచ్చుంటాడత్తా."

"ఆకలికా" అంది. తల ఊపింది. "నాకోసం అనుకున్నాను."

కాయను గుమ్మంలో పెట్టి, గోడ పట్టుకుని లేచింది. జీడితోట పక్కనుంచి మెల్లగా నడిచి వెళ్లింది. నేను వెనక్కి పిలవలేదు.